ఆరువందల పదిహేడు అంకెలు

ప్రగతి నగర్,
జూన్ 9.

ప్రియమైన తమ్ముడు కిరణ్‌కి,

ములాఖత్‌కి పది నిమిషాలిచ్చారు. అద్దానికి అటు నువ్వు, ఇటు నేను, మధ్యలో ఆ గరగరలాడే ఫోను. నువ్వు తిన్నావా అన్నావు, నేను తిన్నానన్నాను, టైమైపోయింది. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తున్నదాన్ని, పది నిమిషాల్లో ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేకపోయాను. అందుకే ఉత్తరం. జైలువాళ్లు చదివాకే నీకిస్తారట. చదవనీ, మన దగ్గర దాచుకునేదేముంది.

లాయరు రవీందర్ గారు ఛార్జిషీటు నకలు ఇచ్చారు, మొత్తం చదివాను. వాళ్ల వాదన ఇంతే. హాస్పిటల్ వాళ్లు రోగుల వివరాలన్నీ భద్రంగా దాచమని మీ కంపెనీకి ఇచ్చారు. వాటికి తాళం నువ్వు చేశావు. ఆ తాళం ఒక పెద్ద సంఖ్య. దాన్ని లోకమంతా చూడొచ్చు. అది ఏ రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే వచ్చిందో మాత్రం ఎవరికీ తెలియకూడదు, ఎందుకంటే ఆ రెండే తాళంచెవి. అవి ఉన్నచోటు నీ ఒక్కడికే తెరుచుకుంటుంది. కిందటి నవంబరులో నాలుగు వేల మంది వివరాలు బయటపడ్డాయి. ఎక్కడా పగలగొట్టిన గుర్తు లేదు. కాబట్టి ఇచ్చింది నువ్వే. ప్రభుత్వ వకీలు కోర్టులో లేచి, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేం పట్టుకున్నాం అన్నాడు. నవ్వాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ నాలుగు వేల మందిలో రసజ్ఞ అనే అమ్మాయి ఉంది. ఇరవై ఆరేళ్లు. నల్లగండ్లలో ఉంటూ హైటెక్ సిటీలో ఉద్యోగం చేసేది. మనసు బాగోక రెండేళ్లు మందులు వాడింది. ఆ సంగతి ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కుదిరిన పెళ్లి ఆగిపోయింది. మార్చిలో ప్రాణం తీసుకుంది. వాళ్ల నాన్న పట్టాభిరామయ్య గారు ప్రతి వాయిదాకీ వచ్చి వెనక బెంచీ చివర కూర్చుంటారు. ఆయన వైపు చూడటానికి నాకు ధైర్యం చాలడం లేదు.

నువ్వు చేయలేదు, నాకు తెలుసు. టీచరు పొరపాటున రెండు మార్కులు ఎక్కువ వేస్తే తిరిగి వెళ్లి తగ్గించుకొచ్చినవాడివి నువ్వు. ఆ రోజు నిన్ను వెర్రిబాగులోడా అని తిట్టాను కూడా.

ఇక అసలు విషయం. ఆ సంఖ్యను ఛార్జిషీటులో ఎనభై ఎనిమిదో పేజీలో అచ్చువేశారు. అలవాటు కొద్దీ అంకెలన్నీ కూడి చూశాను. మూడుతో నిశ్శేషంగా పోతోంది! మూడు కారణాంకమైతే నీ తాళం ఏడో తరగతి పిల్లలు కూడా తీస్తారు. రవీందర్ గారికి ఫోను చేస్తే, "ఏంది మేడం, మూడుతోని భాగిస్తే బెయిల్ వస్తదా?" అన్నారు. వస్తుందని చెప్పాను. నువ్వేమంటావు? వెంటనే రాయి.

మీ బావ జాన్సన్ ప్రతి ఆదివారం గుళ్లో నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తున్నారు.

నిన్ను నమ్మిన
అక్క ఎస్తేరు

*

జైలు నుంచి,
జూన్ 21.

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం వారం పైన ఇక్కడి ఆఫీసులోనే ఆగింది. తాళం, సంఖ్య, మూడు అన్న మాటలు చూసి ఏదైనా సంకేతమేమోనని అధికారి నన్ను పిలిపించాడు. మా అక్క లెక్కల టీచరండి అన్నాను. ఆయన కూతురికి ఇంటర్లో లెక్కలు పోయాయట. ఆ బాధ కాసేపు చెప్పుకుని ఉత్తరం చేతిలో పెట్టాడు.

మూడుతో పోతుందని కోర్టులో మాత్రం అనకు, నవ్వులపాలవుతాం. అసలు సంఖ్యకు ఆరువందల పదిహేడు అంకెలు. నీ పేజీలోవి లెక్కపెట్టు, ఆరువందల పదహారే ఉంటాయి. టైపు చేసినవాళ్లు ఎక్కడో ఒకటి మింగేశారు. ఒక్క అంకె పోతే అది ఇంకో సంఖ్య. దాన్ని ఏం చేసినా మనకు ఒరిగేదేమీ లేదు.

ఆ లెక్క వదిలెయ్యక్కా. అంత సంఖ్యను విడగొట్టడం లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసినా అయ్యే పని కాదు. అప్పట్లో నీకు గొప్పగా చెప్పాను, నువ్వు అంతకన్నా గొప్పగా మీ పిల్లలకు చెప్పావు, మా తమ్ముడి సంఖ్య అని. ఇప్పుడు వాళ్ల ముందు ఎలా నిలబడుతున్నావో.

ఇక్కడ బాగానే ఉంది. పక్కవాళ్లకు అర్జీలు రాసిపెడుతున్నాను. నన్ను తాళాల సార్ అంటారు. అన్నం ముద్దగా ఉంటుంది, పప్పు పలచగా ఉంటుంది, రెండూ కలిపితే సరిపోతుంది.

ఆ అమ్మాయి ఫొటో పేపర్లో చూశాను. నేను అంతకుముందు ఆమెను చూడలేదు. ఆ నాలుగు వేల మందిలో ఒక్కరినీ చూడలేదు. నా దగ్గర వాళ్లందరూ వరస సంఖ్యలే. ఇప్పుడు ఆ ముఖం కళ్లలోంచి పోవడం లేదు. వాళ్ల నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నారా? ఆయనకు ఇంకెవరైనా పిల్లలున్నారా?

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
కిరణ్ పాల్

*

ప్రగతి నగర్,
జూలై 14.

ప్రియమైన కిరణ్‌కి,

బెయిలు కొట్టేశారని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రవీందర్ గారు ఫికర్ చేయొద్దన్నారు. ఆయనకేం, ఫికర్ చేయకపోవడానికి ఆయనకు ఇంకో ముప్ఫై కేసులున్నాయి.

వదిలెయ్యమన్నావు. నేను వదల్లేదు. నువ్వు చెప్పినట్టే పేజీలో ఆరువందల పదహారే ఉన్నాయి. మూడు చూసి ఎగిరినందుకు సిగ్గుపడ్డాను, పిల్లలెవరైనా అలా చేస్తే తోలు తీసేదాన్ని. అసలు సంఖ్యను మీ కంపెనీ అందరికీ చూపించే చోటునుంచే తీసుకున్నాను. ఇంటి కంప్యూటర్లో రోజూ కాలేజీ నుంచి రాగానే దానితోనే కూర్చుంటున్నాను. పది కోట్ల లోపు ఏ ప్రధాన సంఖ్యతోనూ అది పోవడం లేదు. సరే, అసలది సంయుక్త సంఖ్యేనా అని పరీక్ష పెట్టాను. రెండును, ఆ సంఖ్యకన్నా ఒకటి తక్కువ సార్లు వేసి గుణించి, అదే సంఖ్యతో భాగిస్తే, ప్రధాన సంఖ్యకు శేషం ఒకటే మిగలాలి. మిగల్లేదు. కాబట్టి అది ముక్కలయ్యే సంఖ్యే, అనుమానం లేదు. కానీ ఆ ముక్కలేవో ఆ పరీక్ష చెప్పదు. తప్పు జరిగిందని రూఢిగా చెప్పి, ఎవరి వల్ల జరిగిందో చెప్పకుండా ఊరుకుంటుంది. మన కేసు కూడా అలాగే ఉంది.

నువ్వు అడిగావు కదా. పట్టాభిరామయ్య గారికి ఇంకెవరూ లేరు. ఒక్కతే కూతురు. భీమవరం దగ్గర నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారట. మొన్న కోర్టు వరండాలో నాకు కళ్లు తిరిగాయి. ఎవరో లేచి చోటిచ్చి, "కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగండి" అని సీసా అందించారు. తాగి చూస్తే ఆయనే. నేనెవరో ఆయనకు తెలుసు. తెలిసే ఇచ్చారు.

నువ్వు ఈమధ్య ములాఖత్‌లో నా ముఖం చూడటం లేదు. ఎందుకో అర్థం కావడం లేదు. తిండి మానకు.

నీ అక్క

*

ప్రగతి నగర్,
ఆగస్టు 3.

కిరణ్,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను.

నీ సంఖ్య విడిపోయింది.

బేసి సంఖ్య ఏదైనా రెండు ముక్కలయ్యేదైతే, దాన్ని రెండు వర్గాల తేడాగా రాయొచ్చు. 8633 తీసుకో. దాని వర్గమూలం 92 పైచిలుకు. ఆ పైనున్న 93కి వర్గం 8649. తేడా 16, అంటే నాలుగు నాలుగులు. 93లోంచి నాలుగు తీసేస్తే 89, కలిపితే 97. ఆ రెండే ముక్కలు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది. దూరంగా ఉంటే మన తాత ముత్తాతల నుంచి చేసుకుంటూ వచ్చినా తెగదు. తెగదనే నమ్మకంతోనే నీ సంఖ్యకు పెట్టాను, ఈ పద్ధతి ఎక్కడ పనికిరాదో పిల్లలకు చూపిద్దామని. మొదటి మెట్టులోనే తెగింది. మూడువందల తొమ్మిదేసి అంకెల సంఖ్యలు రెండు, వాటి మధ్య తేడా 1,182. నేను మీట నొక్కి చెయ్యి తీసేలోపే తెర మీద ఉన్నాయి.

వంటింట్లోకి పరిగెత్తి మీ బావను పట్టుకుని ఏడ్చాను. ఎవరైనా తీయగలిగిన తాళానికి నువ్వొక్కడివే దొంగవెలా అవుతావు? తాళం వేసిన ఫైళ్ల నకళ్లు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో ఛార్జిషీటులోనే ఉంది. తాళం ఉంది కదా, నకళ్లు ఉంటే ఏంలే అనుకున్నారంతా.

ఆ సంతోషం గంట కూడా లేదు. ఆ రెండు సంఖ్యల మధ్య ఇంకో ప్రధాన సంఖ్య ఉందేమోనని చూశాను. లేదు. ఒకదాని వెంటనే వచ్చేది రెండోది. అంత పెద్ద సంఖ్యల్లో అలాంటి జత దానంతటది పడదు. ఎవరో చూసి పెట్టాలి. అది చేసింది నువ్వు.

నీకు తెలుసా? తెలిసే నన్ను వదిలెయ్యమన్నావా? నిజం రాయి.

ఎస్తేరు

*

జైలు నుంచి,
ఆగస్టు 12.

ప్రియమైన అక్కకు,

తెలుసు. అరెస్టు చేసిన రోజు పోలీసు జీపులోనే తెలిసింది.

రెండేళ్ల కిందటి మాట. తాళాలు పుట్టించే ప్రోగ్రాం రాస్తున్నాను. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు విడివిడిగా వెతకాలి. మాకు పరీక్షలకు ఇచ్చిన పాత మెషీను దానికి చాలాసేపు తీసుకునేది, రోజుకు వందసార్లు నడపాలి. అందుకని ఒకటి వెతికి, దాని తర్వాత వచ్చేదాన్నే రెండోదిగా తీసుకోమని రాశాను. పరీక్షల వరకే కదా అనుకున్నాను. పక్కన 'ఇది తాత్కాలికం, మార్చాలి' అని కూడా రాసుకున్నాను. అది శుక్రవారం. సోమవారం మార్చేవాణ్ని. శనివారం మా మేనేజరు శ్యామ్ ఫోను చేసి, హాస్పిటల్ వాళ్లు ఆగేలా లేరు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించెయ్ అన్నాడు. ఎక్కించాను. సోమవారం ఇంకో పని వచ్చింది. ఆ తర్వాత అది నడుస్తోంది కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మా దగ్గర నడుస్తున్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. రెండు మూడు నెలలకు నేను కూడా మరిచిపోయాను. మరిచిపోయే నీ దగ్గర గొప్పలు పోయాను.

ఎందుకు చెప్పలేదంటావు. నన్ను దొంగ అంటే నువ్వు నమ్మవు, పోట్లాడతావు. బద్ధకస్తుడు అంటే నమ్ముతావు. నువ్వు నమ్మాక నా వైపు ఎలా చూస్తావో ఊహించుకున్నాను, నాకు చేతకాలేదు.

ఇంకోటి. దొంగతనానికి శిక్ష ఉంది. దీనికేముంది? పొరపాటు అంటారు, వదిలేస్తారు. మీ అమ్మాయి ఒకడి శుక్రవారం బద్ధకం వల్ల పోయిందండీ అని ఆయనకు ఎవరు చెప్తారు? దొంగ అయితే ఆయన తిట్టుకోవడానికైనా ఒకడుంటాడు.

నువ్వు కనుక్కున్నది కోర్టులో పెట్టకు. నేను ఇక్కడే ఉంటాను. ఇది నా కోరిక.

కిరణ్

*

ప్రగతి నగర్,
సెప్టెంబరు 20.

ప్రియమైన తమ్ముడికి,

నెల దాటినా నీకు జవాబు రాయలేదు. మొదట కోపం. సోమవారం మారుద్దామనుకున్నానన్న మాట చదివి ఆ కాగితం విసిరికొట్టాను. నా వైపు నుంచి నువ్వు ఊహించుకున్న ఆ చూపు, అవును, నిజంగానే చూశాను. నువ్వు ఎదురుగా లేకపోవడం మంచిదైంది.

నీ కోరిక మన్నించలేదు. రవీందర్ గారితో లెక్క కోర్టులో పెట్టించాను. ప్రభుత్వ వకీలు తడుముకోలేదు. తమ్ముడు గుట్టు చెప్పాడు, అక్క కనుక్కున్నట్టు నటిస్తోంది అన్నాడు. జడ్జిగారు కూడా నా వైపు అనుమానంగానే చూశారు. బయటికొచ్చాక రవీందర్ గారు ఛార్జిషీటు మళ్లీ తిరగేశారు. తర్వాత, "మీరు కాకుండ, లీకు కాకముందే గీ లెక్క చేసినోళ్లు ఎవరన్న ఉన్నరా మేడం? ఒక్కలున్నా చాలు" అన్నారు. ఎవరుంటారండీ అన్నాను.

బస్సు కూకట్‌పల్లి దాటుతుండగా గుర్తొచ్చింది.

కిందటేడు జనవరిలో, ఆ వివరాలు బయటపడటానికి పది నెలల ముందు, మా కాలేజీలో గణిత పోటీ పెట్టాను. చివరి ప్రశ్నగా నీ సంఖ్య ఇచ్చాను. పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇది మా తమ్ముడు చేసిన తాళం, వారం గడువు, విడగొట్టగలరేమో చూడండి అన్నాను. నాకు కావలసిన జవాబు సాధ్యం కాదు అని, ఎందుకు కాదో నాలుగు ముక్కలు. నూటనలభై మంది రాశారు. కాదు అన్నవాళ్లందరికీ పదికి పది వేశాను. ఒక్క కాగితానికి సున్నా వేసినట్టు గుర్తు.

పాత పేపర్లు రెండేళ్లు ఉంచాలని మా ప్రిన్సిపాల్ నియమం. స్టాఫ్ రూం బీరువా మీది అట్టపెట్టెలన్నీ దింపాను. దొరికింది. దేవిశ్రీ అని సెకండియర్ అమ్మాయి, నిజాంపేట నుంచి వచ్చేది, వెనక వరస, నోరు మెదపదు. కాగితం మీద రెండు పొడవాటి సంఖ్యలు అచ్చు తీసి అతికించింది. కింద చేత్తో రాసింది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "మేడం, ఇవి పక్కపక్క ప్రధాన సంఖ్యలు. వర్గాల తేడా పద్ధతిలో వెంటనే వచ్చాయి. ఈ తాళం ఎవరైనా తీయగలరు. దయచేసి మీ తమ్ముడు గారికి చెప్పండి." దాని మీద అడ్డంగా నా ఎర్ర సిరా. 'అసాధ్యం. ఏవో అంకెలు రాసి మోసం చేయకూడదు.' కింద సున్నా, చుట్టూ గీత.

నేను గుణించి చూడలేదు కిరణ్. విడగొట్టడం కష్టం, గుణించి చూడటం తేలిక, ఈ సంఖ్యలకు ఉన్న గుణమే అది. ఆ మాట ఆ పోటీ రోజే బోర్డు మీద రాసి మరీ చెప్పాను. చెప్పి, నేనే చూడలేదు. నువ్వు కాదన్నావు కాబట్టి కాదనుకున్నాను. నా తమ్ముడి లెక్కలో ఒక వెనక వరస పిల్ల తప్పు పట్టడమేమిటని కూడా అనుకుని ఉంటాను. ఆ పొగరు నాకు బాగా తెలుసు.

దేవిశ్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. బీకాం చదువుతోంది. లెక్కలెందుకు వదిలేశావు అంటే తల వంచుకుంది. "మీరు సున్నా ఏసిన్రు గదా మేడం, నాదే తప్పు అనుకున్న. ఇగ లెక్కలు నాకు రావనుకొని వదిలేసిన" అంది. ఆ పిల్ల ముందు చేతులు జోడించాను. ఆమె భయపడిపోయి వాళ్లమ్మను పిలిచింది. విషయమంతా చెప్పాక దేవిశ్రీ సాక్ష్యానికి వస్తానంది.

కాగితం చూసి రవీందర్ గారు, "ఇది చాలు మేడం, మీ తమ్ముడు బయటికొస్తడు. గని మీ ఎర్ర సిరా కూడ కోర్టుల చదువుతరు" అన్నారు. చదవమన్నాను. నిన్న చదివారు. నన్ను బోనులో నిలబెట్టి, ఆ రాత మీదేనా అని అడిగారు. నాదే అన్నాను. వెనక బెంచీ వైపు చూడకుండా ఉండలేకపోయాను.

నీకు బెయిలు వచ్చింది. కాగితాలు సోమవారానికి జైలుకు చేరతాయి. దొంగతనం కేసు నిలవదట, నిర్లక్ష్యం కేసు ఉంటుందట. ఉండనీ. గేటు దగ్గరికి బావా నేనూ వస్తాం. ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పే ధైర్యం లేక, నువ్వు బయట అడుగుపెట్టే ముందే ఈ ఉత్తరం అందేలా రవీందర్ గారి చేతికిస్తున్నాను. పట్టాభిరామయ్య గారు తిట్టుకోవడానికి ఒక దొంగ ఉండాలన్నావు. దొంగ ఎవరో ఈరోజుకీ తెలియదు. మనిద్దరం ఏం చేశామో మాత్రం తెలిసింది.

కోర్టు అయ్యాక పట్టాభిరామయ్య గారు వరండాలో నా కోసం ఆగారు. తిడతారనుకున్నాను, తిట్టమని కోరుకున్నాను. ఆయన నెమ్మదిగా, ఏదో ఆఫీసులో వివరం కనుక్కుంటున్నట్టు అడిగారు.

"నాకు లెక్కలు అంతగా రావమ్మా. ఆ అమ్మాయి రాసింది నిజమో కాదో, గుణించి చూసుకోవడానికి ఎంతసేపు పట్టేదండీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"అంకెలు టైపు చేయడానికి పావుగంటండి. గుణించడానికి ఏమీ పట్టదు."

"పావుగంట" అన్నారాయన. సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

అక్క
ఎస్తేరు